నీ నోటుబుక్కుల సంచి గురించి

విజయనగరం

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. తప్పెటలు కొడుతూ ఆడిపాడే తప్పెటగుళ్ల పాటలు రాసుకున్న నోటుబుక్కులు పదకొండయ్యాయనీ, నరసన్నపేట దగ్గర ఆ ముసలాయన పాడింది ఎందులో రాశావో దొరక్క రాత్రంతా వెతికావనీ చదివి నవ్వొచ్చింది. ఏం చెయ్యను, నేనూ అలా వెతికినవాణ్ణే.

నాది సామెతల పిచ్చి కదా. మొదట్లో విషయాలవారీగా ఫైళ్లు పెట్టాను: వాన, పెళ్లి, చావు, అత్తాకోడళ్లు. ‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక’ అన్నది వానలో పెట్టాలా, చావులో పెట్టాలా? వానలో పెట్టాను. తర్వాత చావు ఫైలంతా తిరగేశాను. రెండేళ్లు ఇదే తంతు. అసలు నేను విషయాన్ని బట్టి వెతకనే వెతకనని అప్పటికి గాని తెలియలేదు. ‘చీపురుపల్లి సంతలో బెల్లం అమ్మే ఆవిడ చెప్పింది’ అనే నాకు గుర్తొస్తుంది. నాకు మనుషులు, ఊళ్లు. నీకు పాట వరస కావచ్చు, గజ్జెలు కట్టినాయన మొహం కావచ్చు.

అందుకని ఒక వారం ఏమీ సర్దకు. ఏదైనా వెతకాల్సి వచ్చినప్పుడల్లా బుర్రలోకి మొదట వచ్చిన మాట ఓ కాగితం మీద రాసి పెట్టుకో. వారం పోయాక చూస్తే నీ దారేదో నీకే కనిపిస్తుంది.

ఆ తర్వాత పని చిన్నదే. పుస్తకానికో నంబరు, ప్రతి పేజీకీ నంబరు, చివర నాలుగు పేజీలు ఖాళీ. ఊరి నుంచి వచ్చిన రాత్రే, నిద్రొచ్చినా సరే, నీకు మొదట గుర్తొచ్చే ఆ మాటల్ని ఆ ఖాళీ పేజీల్లో పేజీ నంబర్లతో రాసెయ్. పేజీలు చింపి వేరే చోట పెట్టకు. తేదీల వరసలో ఉన్నది ఉన్నట్టే ఉండనీ.

నువ్వు వీడియోలో చూశానన్న జర్మనీ ఆయన, సామాజిక శాస్త్రవేత్త లూమన్, దాదాపు 90 వేల చీటీలు రాసిన మాట నిజమే. ఆయన గదిలో కూర్చుని చదివినవి రాసుకున్నాడు. నువ్వు రచ్చబండ మీద కూర్చుని చీటీలు తీస్తే సగం గాలికి పోతాయి. ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఒకటుంది. ఒక చీటీ మీద ఇంకో చీటీ నంబరు వేసి దారి చూపించేవాడు. అదే పాట ఆముదాలవలసలో వేరే మాటలతో విన్నావనుకో, మార్జిన్లో ‘3/18 చూడు’ అని రాసుకో. మూడో పుస్తకం, 18వ పేజీ. అంతే.

పాతవాటిని మాత్రం సాపు రాయకు, నీకు దణ్ణం పెడతాను. ఒక వేసవి సెలవులన్నీ అదే పని చేశాను నేను. ‘ఎల్లిపోనాది’ అని ఒకావిడ అన్నదాన్ని ‘వెళ్ళిపోయింది’ అని దిద్ది మరీ రాశాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా పక్కనే ఉండి నేను చేసిన నిర్వాకం అది! పైగా సాపు అయిపోయిందని చిత్తు పుస్తకాలు పారేశాను కూడా. ఇప్పుడు ఆవిడా లేదు, ఆ మాటా లేదు. పాతవాటికి ఆదివారానికొకటి చొప్పున నంబర్లూ చివరి పేజీలూ రాస్తే చాలు.

రంగురంగుల పెన్నులు కొనకు. మూడో రోజుకి చేతిలో నీలం ఒక్కటే మిగులుతుంది. ఆ నీలం కూడా బాల్ పెన్నే కానీ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి మన బీరువాలోకి నీళ్లొచ్చినప్పుడు జెల్ పెన్నుతో రాసినవన్నీ సిరా మరకలయ్యాయి. బాల్ పెన్నువి ఎండలో ఆరబెడితే ఇప్పటికీ చదువుకోవచ్చు. చివరి పేజీలు ఫోనులో ఫోటో తీసి ఉంచుకో.

వచ్చే ఆదివారం సంచి పట్టుకుని రా. భోజనాలయ్యాక రెండు మూడు పుస్తకాలకి నంబర్లు వేసేద్దాం. ఇంతకీ ఆ నరసన్నపేట ఆయన పేరు అడిగి రాసుకున్నావా? లేకపోతే నంబర్లు తర్వాత, ముందు ఆ ఊరికి వెళ్లిరా.

మీ మావయ్య