దుబాయ్‌లో నాకేమైనా అయితే ఫ్లాట్ ఎవరికి?

ప్రశ్న: నా వయసు 41. పదకొండేళ్లుగా దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. భార్య, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు నాతోనే ఉంటారు. ఇక్కడ ఒక ఫ్లాట్ కొన్నాను, అది నా ఒక్కడి పేరు మీదే ఉంది. లోన్ బాకీ తీసేసి, బ్యాంకులో ఉన్నది కలుపుకుంటే ఇక్కడి ఆస్తి సుమారు 9 లక్షల 60 వేల దిర్హామ్‌లు. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. నెలనెలా నేను పంపే డబ్బే వాళ్లకు ఆధారం. నాకు ఇద్దరు తమ్ముళ్లు. మా ఆఫీసులో కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం సీనియర్ మొన్న మాటల మధ్య, ‘ఇక్కడ మనిషి పోతే షరియా లెక్కే. భార్యకు ఎనిమిదో వంతు, మిగిలింది అన్నదమ్ములకు’ అన్నారు. మేము హిందువులం. ఊళ్లో విల్లు రాసి రిజిస్టర్ చేయించాను. అది చాలదా? ఆ మాట విన్న దగ్గర్నుంచి ఒకటే టెన్షన్.

జవాబు: మీ సీనియర్ చెప్పింది ఆయన విషయంలో కొంతవరకు నిజం. మీ విషయంలో కాదు. పైగా ఆయన భయపెట్టిన చోట భయం లేదు, మీరు అడగని చోట ఉంది.

2023 ఫిబ్రవరి 1 నుంచి ఎమిరేట్స్‌లో ముస్లిమేతరులకు వేరే చట్టం అమల్లో ఉంది. 2022లో వచ్చిన 41వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం అది. దాని ప్రకారం ముస్లిం కానివాళ్లు ఇక్కడి ఆస్తి మొత్తాన్ని ఎవరికి కావాలంటే వాళ్లకు విల్లు రాసుకోవచ్చు. విల్లు లేకుండా పోతే సగం భార్యకు లేదా భర్తకు, మిగతా సగం పిల్లలకు సమానంగా. ఆడపిల్ల, మగపిల్లాడు అనే తేడా లేదు. అంతకుముందు పరిస్థితి ఇంత తేటగా ఉండేది కాదు. స్వదేశపు చట్టం కావాలని వారసులు అడిగి, కాగితాలు చూపించి ఒప్పించుకోలేకపోతే షరియా వాటాలే పడేవి. గల్ఫ్‌లో మనవాళ్లు చెప్పుకునే కథలన్నీ ఆ రోజులవి.

మీ లెక్కనే తీసుకుందాం. మీరు విల్లు రాయకుండా పోయారనుకోండి (అనుకోవడానికే కష్టంగా ఉంటుంది, కానీ ఈ పనిలో అనుకోక తప్పదు). పైన చెప్పిన ముస్లిమేతరుల చట్టం (సివిల్ చట్టం) కింద మీ భార్యకు 4 లక్షల 80 వేలు, పాపకు 2 లక్షల 40 వేలు, బాబుకు 2 లక్షల 40 వేలు. అదే షరియా అయితే భార్యకు ఎనిమిదో వంతు, అంటే లక్షా 20 వేలు. మీ అమ్మకు ఆరో వంతు, నాన్నకు ఆరో వంతు, చెరో లక్షా 60 వేలు. మిగిలిన 5 లక్షల 20 వేలలో బాబుకు రెండు పాళ్లు, పాపకు ఒక పాలు. మీ తమ్ముళ్లకు అందులోనూ ఒక్క దిర్హామ్ రాదు. కొడుకు గానీ తండ్రి గానీ బతికుంటే అన్నదమ్ములకు వాటా ఉండదు.

ఇప్పుడు మీ అమ్మానాన్నల దగ్గర ఆగండి. షరియా వాళ్లకు మొత్తం 3 లక్షల 20 వేలు ఇస్తుంది. మీకు వర్తించే సివిల్ చట్టం, పిల్లలున్నారు కాబట్టి, వాళ్లకు సున్నా ఇస్తుంది. మన హిందూ వారసత్వ చట్టం లెక్క ఇంకోలా ఉంటుంది. 1956 నాటి ఆ చట్టంలో తల్లి మొదటి తరగతి వారసురాలు. మీ భార్య, పాప, బాబు, అమ్మ, నలుగురికీ తలా 2 లక్షల 40 వేలు. నాన్న రెండో తరగతిలోకి పోతారు, ఆయనకేమీ రాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ‘భార్యకు తగ్గిపోతుందేమో’ అని అడుగుతారు. ఊళ్లో ఉన్న ముసలివాళ్ల సంగతి ఎవరూ అడగరు. మీరు నెలనెలా పంపుతున్నానని రాశారు కాబట్టి నేనే అడుగుతున్నాను.

ఈ మూడు లెక్కలూ ఎందుకు వేశానంటే, విల్లు లేనప్పుడు విదేశీయుడి వారసులు తమ దేశపు చట్టం వర్తింపజేయమని కోర్టును అడగొచ్చు. అంటే మీ భార్య సగం వాటా అనుకుంటుంటే, మీ అమ్మగారి తరఫున ఎవరో నాలుగో వంతు అడిగే వీలుంది. ఇద్దరిదీ న్యాయమే. మంచివాళ్ల మధ్య కూడా తగువు పుట్టేది ఇలాంటి చోటే. ఇక్కడ రిజిస్టర్ అయిన విల్లు ఉంటే ఆ ప్రశ్నే రాదు.

వాటాల సంగతి అది. నన్నడిగితే అసలు ప్రమాదం వాటాల్లో లేదు, మొదటి మూడు నెలల్లో ఉంది. నా క్లయింట్ ఒకాయన హఠాత్తుగా పోయారు. ఆరో రోజున ఆయన భార్య పిల్లల స్కూల్ ఫీజు కట్టడానికి జాయింట్ అకౌంట్ కార్డు పెట్టారు. మెషీన్ కార్డు తిరిగిచ్చింది, డబ్బు ఇవ్వలేదు. మెషీన్ చెడిపోయిందేమోనని పక్క మాల్‌లో ఇంకో దాంట్లో పెట్టారు. అక్కడా అంతే. అకౌంట్లో అప్పుడు లక్షకు పైగా ఉంది. మన దగ్గర ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని రాసుకుంటే బతికున్నవాళ్లు అకౌంటు నడుపుకుంటారు. ఇక్కడ ఆ ధీమా పనికిరాదు. చట్ట ప్రకారం ఆపాల్సింది పోయిన మనిషి వాటానే అయినా, ఎవరి వాటా ఎంతో తేలేదాకా బ్యాంకు మొత్తం అకౌంటునే ఆపేయడం మామూలు. మన బ్యాంకుల్లోలాగా నామినీ పేరు రాసే అలవాటూ ఇక్కడ సాధారణంగా లేదు. కోర్టు నుంచి వారసుల ఉత్తర్వు వచ్చాకే తాళం తీస్తారు.

కాబట్టి విల్లు కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. మీ భార్య పేరు మీద, ఆమె ఒక్కదాని పేరు మీద, ఇక్కడే ఒక అకౌంటు తెరిపించండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒక టర్మ్ స్కూల్ ఫీజు, నలుగురికీ ఊరెళ్లే టికెట్ల డబ్బు అందులో వేసి ఉంచండి. అది ఆవిడ డబ్బు, మీ ఆస్తి లెక్కలోకి రాదు. ‘ఉన్నది మాకిద్దరికీ ఒకటేగా’ అనే మాట మీరు బతికున్నంతకాలమే చెల్లుతుంది.

ఇక పిల్లల సగం. వాళ్లకు చెరో 2 లక్షల 40 వేలు వస్తాయని పైన రాశాను. చదవడానికి బాగుంటుంది. కానీ మైనర్ల వాటా కోర్టు కనుసన్నల్లో ఉంటుంది. ఆవిడ ఫ్లాట్ అమ్ముకుని ఊరికి వచ్చేద్దామనుకుంటే పిల్లల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి తీసుకోవాలి. తల్లే కదా అంటే వినరు. వినకపోవడం తప్పూ కాదు, పిల్లల సొమ్ముకి కాపలా ఉండాల్సిందే. అయితే మీ భార్య మీద మీకు నమ్మకం ఉంటే, విల్లులో మొత్తం ఆమెకే రాసి, ఇద్దరూ ఒకేసారి పోతే పిల్లలకు అని రాయడం తేలిక. నేనైతే అలాగే రాయమంటాను.

ఇద్దరూ ఒకేసారి పోవడం అన్నాను. కారు ప్రమాదాల్లో జరిగేది అదే. అప్పుడు ఆ రాత్రి పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు? చుట్టాలకు వీసా దొరికి ఊరి నుంచి రావడానికి రోజులు పడుతుంది. అందుకే విల్లులో ఇద్దరు గార్డియన్లను రాయాలి. ఇక్కడే ఉండే ఒక స్నేహితుల కుటుంబం తాత్కాలిక గార్డియన్‌గా, ఊళ్లో మేనమామో పిన్నో శాశ్వత గార్డియన్‌గా. రాసే ముందు వాళ్లను అడగండి. చాలామంది అడగరు, పేరు చూసుకుని వాళ్లు బిత్తరపోతారు.

విల్లు ఎక్కడ రిజిస్టర్ చేయించాలంటే, మీకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. డీఐఎఫ్‌సీ (దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్) విల్స్ సర్వీస్ 2015 నుంచి ఉంది, ముస్లిమేతరులకే, వయసు 21 నిండాలి, అంతా ఇంగ్లీషులో జరుగుతుంది. పూర్తి విల్లుకు ఒక్కరికి 10,000 దిర్హామ్‌లు, భార్యాభర్తలు జంటగా రాసుకుంటే 15,000. అబుదాబి న్యాయ విభాగంలో అరబిక్, ఇంగ్లీషు రెండు భాషల్లో రాయాలి, ఫీజు 950 దిర్హామ్‌ల దాకా. దుబాయ్ కోర్టుల్లోనూ చేయించుకోవచ్చు. ఫీజులు మారుతుంటాయి, కట్టే ముందు చూసుకోండి. లాయరు ఖర్చు వీటికి వేరు. ఒక ఫ్లాటు, రెండు అకౌంట్లు ఉన్నవాళ్లకు పదిహేను వేల విల్లు అవసరమని నాకనిపించదు. కంపెనీలో వాటాలున్నవాళ్ల మాట వేరు. ఏజెంట్లు మాత్రం ఖరీదైన దాన్నే ముందు చూపిస్తారు.

మీరు ఊళ్లో రాసిన విల్లు చెల్లదని అనను. కానీ దుబాయ్ ఫ్లాటు విషయంలో ఇక్కడి చట్టమే ముందు మాట్లాడుతుంది. పైగా ఆ కాగితం ఇక్కడి కోర్టు ముందుకు రావాలంటే పెద్ద ప్రయాణమే. మన విదేశాంగ శాఖ ముద్ర, ఎమిరేట్స్ కాన్సులేట్ ముద్ర, ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆ మీద అరబిక్ అనువాదం. ఒక దేశపు కాగితాన్ని ఒక్క స్టాంపుతో ఇంకో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో ఎమిరేట్స్ లేదు కాబట్టి అలా పనవదు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కూ ఇదే దారి.

అందులోనూ మనకు ప్రత్యేకమైన తలనొప్పి ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పదో తరగతి మెమోలో అసలు ఉండదు. అరబిక్‌లోకి మారేసరికి ఒకే మనిషి ముగ్గురవుతారు. మీ ఇద్దరి పాస్‌పోర్టులు, పెళ్లి కాగితం, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు టేబుల్ మీద పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం సరిపోల్చండి. తేడా ఉంటే మీరుండగానే దిద్దించండి.

రెండు విల్లులు ఉండొచ్చు. ఇక్కడి ఆస్తికి ఇక్కడిది, ఊరి ఆస్తికి ఊరిది. అయితే ప్రతి విల్లులోనూ లాయర్లు అలవాటుగా ‘ఇంతకుముందు రాసిన విల్లులన్నీ రద్దు’ అని ఒక వాక్యం పెడతారు. మీరు దుబాయ్‌లో సంతకం పెట్టిన రోజునే ఊళ్లో విల్లు పోతుంది. దాన్ని ‘ఎమిరేట్స్‌లోని ఆస్తికి సంబంధించి ఇంతకుముందు రాసినవి మాత్రమే రద్దు’ అని మార్పించండి. ఊరి విల్లు కూడా ఇండియాలోని ఆస్తికే పరిమితమని మళ్లీ రాయించండి. ఆ ఒక్క వాక్యం దగ్గర మొహమాటపడకుండా లాయర్ని నిలదీయండి.

అమ్మానాన్నల సంగతి ఇక్కడి విల్లులో ఇరికించొద్దనే నా సలహా. ఆ వయసులో వాళ్లు ముద్రల చుట్టూ తిరగలేరు. ఇండియాలో ఒక టర్మ్ పాలసీ తీసుకుని అమ్మను, నాన్నను నామినీలుగా పెట్టండి. తల్లిదండ్రులు నామినీలైతే పాలసీ డబ్బు వాళ్లదేనని 2015 సవరణ తర్వాత మన బీమా చట్టంలో ఉంది. అయినా తగువు రాకుండా, ఆ డబ్బు వాళ్లిద్దరిదేనని ఊరి విల్లులో కూడా రాయండి.

గ్రాట్యుటీ మీరు లెక్కలో కలిపినట్టు లేరు. బేసిక్ జీతం మీదే వస్తుంది, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. బేసిక్ 12,000 అనుకుంటే రోజుకు 400. పదకొండేళ్లకు 285 రోజులు, అంటే లక్షా 14 వేలు. ఉద్యోగి పోతే బకాయి జీతంతో పాటు ఇది పది రోజుల్లో కుటుంబానికి అందాలని 2021 కార్మిక చట్టం చెబుతుంది. హోమ్ లోన్‌కు లైఫ్ ఇన్సూరెన్స్ జతపడి ఉందా, ఉంటే బాకీ మొత్తానికా, కొంతకా అని బ్యాంకును మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

మీ సీనియర్‌కు డీఐఎఫ్‌సీ దారి లేదు. ముస్లింలకు 2025 ఏప్రిల్ 15 నుంచి కొత్త పర్సనల్ స్టేటస్ చట్టం వచ్చింది. దాని నంబరూ 41వదే, 2024 నాటిది. ఇంటర్నెట్‌లో ఈ రెండు నలభై ఒకట్లను కలిపేసి రాసిన వ్యాసాలు బోలెడు. అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మూడో వంతు వరకే ఆయన విల్లు రాయగలరు, అదీ వారసులు కాని వాళ్లకు. అంతకు మించితే మిగతా వారసులు ఒప్పుకోవాలి. భార్యకు ఎక్కువ దక్కాలనుకుంటే బతికుండగానే ఆమె పేరుకు హిబా, అంటే కానుకగా, ఇవ్వడం ఒక దారి. ‘అన్నదమ్ములకు పోతుంది’ అని అంత గట్టిగా అన్నారంటే ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే అయి, తల్లిదండ్రులు లేకపోయి ఉంటారని నా అనుమానం. అలాగైతే 24 పాళ్లలో భార్యకు 3, కూతుళ్లిద్దరికీ కలిపి 16, మిగిలిన 5 పాళ్లు అన్నదమ్ములవి. మీ 9 లక్షల 60 వేలే ఆయన దగ్గరుంటే అందులో 2 లక్షలు. మాకు రాయమనండి, పిల్లలెవరో, తల్లిదండ్రుల్లో ఎవరున్నారో చెబితే ఆయన లెక్క విడిగా వేసి పంపుతాను.