హార్త్‌స్టోన్‌లో టాప్ డెక్ కాపీ చేసి ఆడుతున్నా డైమండ్ 5 దాటలేకపోతున్నా, ఏం చేయాలి?

తమ్ముడూ, హార్త్‌స్టోన్ అనే ఈ ఆన్‌లైన్ కార్డుల గేమ్ గురించి నీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. టాప్ లిస్ట్‌లో ఉన్న డెక్ (ఆడటానికి ఏరుకున్న కార్డుల కట్ట) కోడ్ కాపీ చేసి ఆడుతున్నా రెండు నెలల నుంచి డైమండ్ 5 ర్యాంక్ దగ్గరే తిరుగుతున్నా అన్నావు, కాలేజ్ ఫెస్ట్ టోర్నమెంట్‌కి నాలుగు డెక్‌లు ఏవి పెట్టుకోవాలి అన్నావు, చేతిలో 1600 డస్ట్ (కార్డులు తయారుచేసుకోవడానికి గేమ్‌లో వాడేది) ఉంది ఆ కొత్త లెజెండరీ కార్డు చేసేయనా అన్నావు. మొదటిదానికే ఎక్కువ రాస్తా, మిగతా రెండూ దాంట్లోంచే వస్తాయి.

నేను ఈ గేమ్ మొదలుపెట్టింది 2018లో. ఆ ఏడాది జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈస్పోర్ట్స్ డెమాన్‌స్ట్రేషన్ ఈవెంట్‌గా పెట్టారు, హార్త్‌స్టోన్‌లో మన దేశం నుంచి గుజరాత్ భుజ్ కుర్రాడు తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు, ఆ వార్త చూసి హాస్టల్లో మా రూమ్‌లో నలుగురం ఒకే రాత్రి ఇన్‌స్టాల్ చేసుకున్నాం. ఆ తర్వాత ఏడాదిన్నర నేను చేసింది అచ్చం నువ్వు చేస్తున్నదే. మూడు ఆటలు వరసగా ఓడితే డెక్ బాలేదని ఇంకో కోడ్ వెతకడం, దానికోసం ఉన్న కార్డులు విరగ్గొట్టి డస్ట్ చేసేయడం, దాంతో రెండ్రోజులు ఆడి మళ్ళీ మార్చడం. అన్నిటికంటే పై ర్యాంకైన లెజెండ్ మొదటిసారి ఎక్కింది 2020 లాక్‌డౌన్‌లో, అదీ ఒకే ఒక్క హంటర్ క్లాస్ (ఎంచుకునే హీరో రకం) డెక్‌తో, నెలంతా రెండే రెండు కార్డులు మార్చి.

ముందు లెక్క చూడు, ఎందుకంటే ఈ లెక్క తెలియకే నేను అన్నాళ్ళు తిరిగా. డైమండ్ 5 నుంచి పైకి వరసగా గెలిస్తే వచ్చే స్ట్రీక్ బోనస్ ఉండదు, గెలిస్తే ఒక స్టార్ ఓడితే ఒక స్టార్ పోతుంది, లెజెండ్‌కి దాదాపు 15 స్టార్లు కావాలి. నీ విన్ రేట్ 55 శాతం అనుకో, చాలా మంచి రేటే అది, వంద ఆటలకి నీకు మిగిలేది పది స్టార్లే, అంటే 15 కి సుమారు 150 ఆటలు. 52 శాతమైతే 375 ఆటలు. 60 అయితే 75. డైమండ్ 5 కంటే కిందికి పడవు కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ సైజు మాత్రం ఇదే. నువ్వు నెలకి అరవై ఆటలు ఆడతా అన్నావు, మరి 55 శాతం ఆడేవాడు కూడా అరవై ఆటల్లో ఎక్కకపోవడంలో వింతేం లేదు కదా. రెండు నెలలు ఇరుక్కున్నావంటే నువ్వు బాగా ఆడట్లేదని అర్థం కాదు, ఇది నిజంగా చెప్తున్నా, చాలామంది ఇక్కడే మనసు విరిగి మానేస్తారు.

రెండో లెక్క. "ఈ డెక్‌తో 20 కి 12 గెలిచా, సూపర్ డెక్" అంటాం కదా, నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా చూసినా 20 సార్లలో 12 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మ పడే అవకాశం నాలుగింట ఒకటి ఉంది. అలాగే 20 కి 8 గెలిస్తే డెక్ చెత్త అని కూడా చెప్పలేం. మూడు ఓటములకి డెక్ మార్చడమంటే నాణెం చూసి మార్చినట్టే. కనీసం యాభై ఆటలైనా ఒక దాంతో ఆడితే గానీ ఓడింది డెక్ వల్లా మన వల్లా అనే ప్రశ్న కూడా అడగలేం.

మరి ఆ యాభై ఆటల్లో ఏం నేర్చుకోవాలి అంటే, నా వరకు ఒకే విషయం ఆట మార్చేసింది: ఈ మ్యాచప్‌లో, అంటే నా డెక్‌కీ ఎదుటోడి డెక్‌కీ పడిన జోడీలో, కొట్టాల్సింది ఎవరు, కాచుకోవాల్సింది ఎవరు. డెక్ పేరులో అగ్రో (తొందరగా కొట్టి ముగించే రకం) ఉంది కదా అని ప్రతి ఆటలో మనమే కొట్టేవాళ్ళం అయిపోం. 2020 ఏప్రిల్‌లో డీమన్ హంటర్ క్లాస్ కొత్తగా వచ్చింది, ఎంత బలంగా వచ్చిందంటే ఒకటి రెండు రోజుల్లోనే నెర్ఫ్ చేయాల్సొచ్చింది, అంటే బలం తగ్గించాల్సొచ్చింది, ఆ తర్వాత కూడా నన్ను వాయించేసింది. నాది హంటర్, 2 మానా (టర్న్ టర్న్‌కీ పెరిగే, కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే పాయింట్లు) పెడితే హీరో పవర్ (ఆ క్లాస్‌కి ఉండే ప్రత్యేక శక్తి) నేరుగా ఎదుటి హీరోకి 2 డామేజ్, సో నేను ఎప్పుడూ ఫేస్, అంటే నేరుగా హీరోనే, కొట్టాలి అనుకునేవాణ్ణి, డీమన్ హంటర్ ఆడే ఎదుటోడూ ఫేసే కొట్టేవాడు, వాడి హీరో పవర్ 1 మానానే కాబట్టి మిగిలిన మానాతో ఇంకో కార్డ్ వేసేవాడు, రేసులో ప్రతిసారి ఒక టర్న్ ముందే నన్ను చంపేసేవాడు. నోట్‌బుక్‌లో ఓటములు రాసుకోవడం మొదలుపెట్టాక కనబడింది, వాడు నాకంటే ఫాస్ట్, అంటే ఇక్కడ కాచుకోవాల్సింది నేను. అప్పట్నుంచి మొదటి నాలుగైదు టర్న్‌లు వాడి మినియన్లని (బోర్డ్ మీద నిలబడి కొట్టే కార్డులు) నా మినియన్లతో కొట్టి ట్రేడ్ చేస్తూ బోర్డ్ ఖాళీ చేయడం, వాడి చేతిలో కార్డులు అయిపోయాక అప్పుడు ఫేస్ కొట్టడం. దీనికోసం డెక్‌లో ఒక్క కార్డు మార్చలేదు, అదే డెక్ అదే ఎదుటోడు, కానీ ఆ మ్యాచప్ అంటే భయం పోయింది.

వార్‌లాక్ మీదైతే రివర్స్. వాడు హీరో పవర్‌తో కార్డు లాగిన ప్రతిసారీ తనకి తనే 2 డామేజ్ తీసుకుంటాడు, నా పని సగం వాడే చేస్తున్నాడు, అక్కడ కూర్చుని ట్రేడ్ చేస్తే వాడికి టైం ఇచ్చినట్టే. వారియర్ మీద ఇంకోలా, హీరో పవర్‌తో ప్రతి టర్న్ 2 ఆర్మర్ (ప్రాణానికి పైన రక్షణ) పెంచుకుంటాడు కాబట్టి చిన్నచిన్నగా కొడితే అవదు. కానీ తొందరపడి చేతిలో ఉన్నవన్నీ బోర్డ్ మీద పరిచేస్తే 5 మానాకి బ్రాల్ అనే కార్డు వేస్తాడు, ఒక్క మినియన్ తప్ప అన్నీ పోతాయి, ఆ మిగిలేది ఏదో కూడా ర్యాండమ్. నా నోట్‌బుక్‌లో వారియర్ మీద ఓటముల పక్కన ఎక్కువసార్లు రాసిన మాట "ఎక్కువ వేశా". ఇప్పుడు నేను పాటించేది ఏంటంటే, బోర్డ్ మీద ఉన్నవాటితో రెండు టర్న్‌లలో వాడి ప్రాణం పోయేలా ఉంటే ఇంకోటి వెయ్యను, చేతిలో దాచుకుంటా. బ్రాల్ పడ్డాక నా చేతిలో రెండు మంచి కార్డులు ఉండాలి, అంతే.

ఎదుటోడి చేతిని చదవడం మా నాన్న దగ్గర రమ్మీలో నేర్చుకున్నా. సంక్రాంతికి ఇంట్లో అందరం కూర్చుని పదమూడు ముక్కలాట ఆడేవాళ్ళం, నాన్న తన ముక్కల కంటే పక్కవాడు ఓపెన్‌లోంచి ఏం ఎత్తాడు, ఏం పారేశాడు అన్నదే ఎక్కువ చూసేవాడు. హార్త్‌స్టోన్‌లో కూడా అది ఉంది, చాలామంది చూడరు. మల్లిగన్‌లో, అంటే ఆట మొదట్లో చేతికొచ్చిన కార్డుల్లో వద్దనుకున్నవి మార్చుకునేటప్పుడు, అవతలివాడు ఎన్ని కార్డులు ఉంచుకున్నాడో కనిపిస్తుంది, కొత్తగా లాగినవి చేతికి ఒక చివర చేరుతూ ఉంటాయి, అంటే రెండో చివర ఉన్నది మొదట్నుంచీ ఉన్న కార్డు. ఆ కార్డుని ఏడో టర్న్ దాకా వెయ్యలేదంటే అది తక్కువ మానా మినియన్ అయ్యే అవకాశం తక్కువ, బోర్డ్ ఖాళీ చేసే కార్డో, ఆట ముగించే ఫినిషరో, వేరే కార్డులతో కలిపి వేసే కాంబో ముక్కో అయ్యుంటుంది. ఒక టర్న్‌కి 75 సెకన్లు ఉంటాయి, మనం వేసేది తెలిసిపోయినా ఆ మిగిలిన టైంలో అది చూడు.

మల్లిగన్ దగ్గర కూడా రమ్మీ డ్రాప్ లాంటి ధైర్యం కావాలి. చేతికొచ్చినవి పర్లేదులే అని ఉంచుకోవడం పెద్ద తప్పు. డెక్‌లో 30 కార్డులు, ఒకటి గరిష్టంగా రెండు కాపీలు. ఫస్ట్ ఆడేవాడికి మూడు వస్తాయి, మూడూ మార్చేస్తే మొత్తం ఆరు కార్డులు చూసినట్టు (మార్చిన కార్డే వెంటనే మళ్ళీ రాదు), కాబట్టి రెండు కాపీలున్న ఒక కార్డు మొదటి చేతిలో దొరికే ఛాన్స్ సుమారు 37 శాతం. సెకండ్ ఆడితే నాలుగు ప్లస్ కాయిన్ (ఒక టర్న్‌లో 1 మానా అదనంగా ఇచ్చే కార్డు), అన్నీ మారిస్తే 47 శాతం దాకా. ఒకే కాపీ ఉన్నదైతే 20, 27. ఇప్పుడు నీ డెక్ తీసుకుని ఈ మ్యాచప్‌లో ఏ కార్డు చేతిలో ఉంటే ఎక్కువ గెలుస్తున్నానో రాసుకో, ఆ ఒకటి రెండు కార్డుల కోసం మిగతా పర్లేదు కార్డులన్నీ వదిలెయ్, ఫస్ట్ ఆడేటప్పుడు ఒకటి, కాయిన్ ఉన్నప్పుడు ఇంకోటి అని విడిగా రాసుకో. నువ్వు పోస్ట్ చేసిన స్క్రీన్‌షాట్‌లో వార్‌లాక్ మీద 6 మానా కార్డు ఉంచుకున్నావు, నీది అగ్రో డెక్, ఆరో టర్న్‌కి ఆట అయిపోవాలి కదా.

ఇక టెక్ కార్డుల సంగతి. ఒక డెక్‌కి ఓడగానే దాన్ని ఆపే కార్డొకటి పెట్టేస్తాం. అసిడిక్ స్వాంప్ ఊజ్ తీసుకో, 2 మానా, 3/2 (3 దాడి, 2 ప్రాణం ఉన్న మినియన్), ఎదుటోడి వెపన్ పగలగొడుతుంది. ఒక్క కాపీ పెడితే ఆరో టర్న్‌లోపు అది నీ చేతికి వచ్చేది సుమారు 30 శాతం ఆటల్లో. నీకు తగిలేవాళ్ళలో నాలుగో వంతు మందే వెపన్ వాడితే అది పనికొచ్చేది వందలో ఏడెనిమిది ఆటల్లోనే, మిగతా అన్నిట్లో మామూలు 3/2. అది తప్పని కాదు, నీకు ఎవరు ఎక్కువ తగులుతున్నారో రాసుకున్న తర్వాత పెట్టు, కోపంలో పెట్టకు. అందుకే నాకు రెండు కార్డులే మార్చాల్సొచ్చింది.

ఇప్పుడు టోర్నమెంట్. కాంక్వెస్ట్, బెస్ట్ ఆఫ్ 5 అన్నావు కదా, అంటే ఒక్కొక్కరు నాలుగు క్లాసులతో నాలుగు డెక్‌లు తెస్తారు, ఎదుటోడు నీదొకటి బ్యాన్ చేస్తాడు, మిగిలిన మూడింటితో నువ్వు తలా ఒకసారి గెలవాలి, గెలిచిన డెక్ పక్కకి వెళ్ళిపోతుంది. లాస్ట్ హీరో స్టాండింగ్‌లో అయితే ఓడిన డెక్ పోతుంది, అక్కడ ఒక్క భయంకరమైన డెక్ ముగ్గురినీ ఊడ్చేయొచ్చు. కాంక్వెస్ట్‌లో ఆ వీలు లేదు, నీ బలహీనమైన డెక్ కూడా ఎప్పటికైనా ఒకసారి గెలిచి తీరాలి.

ఇది నాకు 2019లో మా ఊళ్ళో ఒక చిన్న టోర్నమెంట్‌లో తెలిసింది. మూడు గట్టి డెక్‌లు, నాలుగోది నాకు ఇష్టమైన కంట్రోల్ ప్రీస్ట్, అది బలహీనమని తెలుసు కానీ ఇష్టం కదా అని పెట్టా. అవతలివాడు నా మంచి డెక్ బ్యాన్ చేశాడు, మిగిలిన రెండు మంచివాటితో వరసగా రెండు ఆటలు గెలిచా, 2-0. తర్వాత మూడు ఆటలూ ఆ ప్రీస్ట్‌తోనే ఆడాలి, వాడి మూడు డెక్‌లకీ వరసగా ఓడా, 2-3. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో చాలా బాధపడ్డా, ఇప్పటికీ ఆ మూడో ఆట గుర్తుంది.

కాబట్టి నాలుగు "బెస్ట్" డెక్‌లు ఏరుకోకు. మీ ఫెస్ట్‌కి ఎవరొస్తారో నీకు తెలుసు, వాళ్ళు ఎక్కువగా ఏం తెస్తారో ముందు ఊహించు. కాలేజీల్లో మామూలుగా తక్కువ డస్ట్‌తో అయ్యే అగ్రో డెక్‌లే ఎక్కువ వస్తాయి, నా అనుభవంలో అయితే అంతే. అలా అనుకుంటే అగ్రోని ఓడించే డెక్‌లే నాలుగూ పెట్టు. అప్పుడు ఆ నాలుగూ ఒకే రకం డెక్‌కి, బహుశా ఏదో స్లో కాంబోకి, ఓడిపోతుంటాయి, అది భయపడాల్సిన విషయం కాదు, మంచిదే, ఎందుకంటే నీ బ్యాన్ దానిమీదే వేస్తావు. నాలుగు డెక్‌లు నాలుగు వేర్వేరు వాటికి ఓడిపోయేలా ఉంటేనే కష్టం, బ్యాన్ ఒక్కటే కదా. ఒక పేపర్ మీద అడ్డంగా నీ నాలుగు, నిలువుగా వాళ్ళు తెచ్చేవి రాసి ప్రతి గడిలో గెలుస్తా, సమానం, ఓడతా అని రాసి చూడు, ఓడతా అని రాసిన గడులన్నీ ఒకే అడ్డ వరసలో వస్తే నీ లైనప్ కుదిరినట్టు. నువ్వు యాభై ఆటలు ఆడిన ఆ ఒక్క డెక్ మాత్రం టేబుల్‌లో కాస్త తక్కువ కనిపించినా ఉంచు, దాని మ్యాచప్‌లు నీ చేతికి తెలుసు.

డస్ట్ గురించి. లెజెండరీ చేయడానికి 1600, విరగ్గొడితే వచ్చేది 400, అంటే తప్పు చేస్తే ముప్పావు వంతు పోతుంది. దానికంటే కింది రకాల కార్డులు చేయడానికి ఎపిక్ 400, రేర్ 100, కామన్ 40, కాబట్టి అదే 1600 తో నీ నాలుగో డెక్‌కి కావాల్సిన ఎపిక్‌లు రెండు, రేర్‌లు నాలుగైదు వచ్చి ఇంకా మిగులుతుంది. నువ్వడిగిన లెజెండరీ నీ డెక్‌లలో ఒక్కదాంట్లోనే ఉంటుంది, అది కూడా ఒకే కాపీ. ఇంకోటి, కొత్త సెట్ వచ్చిన మొదటి రెండు మూడు వారాల్లో బలంగా ఉన్న కార్డుల్ని తరచూ నెర్ఫ్ చేస్తారు, చేసినప్పుడు కొన్ని రోజులపాటు పూర్తి డస్ట్ తిరిగి ఇస్తారు గానీ ఆ కార్డు చుట్టూ పెట్టుకున్న మిగతా కార్డులకి ఇవ్వరు. అందుకని టోర్నమెంట్ అయ్యేదాకా లెజెండరీ వద్దు. ముందు పైన చెప్పిన టేబుల్ వేసి, నాలుగు డెక్‌ల పేర్లు, గత ఇరవై ఓటముల్లో ఏ క్లాస్‌కి ఓడావు, కాయిన్ ఉందా లేదా, ఏం ఉంచుకున్నావు అన్నది కింద కామెంట్‌లో పెట్టు, ఆదివారం ఖాళీగా ఉంటా, కూర్చుని ఒక్కోటి చూసి చెప్తా.