నానో ట్యూబుల ఇంప్లాంట్ సంగతి తర్వాత, ముందు ఆ వాపు చూపించుకోండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల క్రితం హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9.2 వచ్చింది. కింది దవడలో కుడివైపు పన్ను పీకించుకుని ఏడాది అయింది. అక్కడ టైటానియం ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టించుకోమని డెంటిస్టు చెప్పారు. పైన నానో ట్యూబులు ఉన్న ఇంప్లాంట్ అయితే ఎముకకు త్వరగా అతుక్కుంటుందని చదివాను. ఖర్చు ఎక్కువైనా అదే పెట్టించుకోవాలా? తర్వాత ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా? పక్క పన్ను దగ్గర చిగురు రెండుసార్లు వాచింది కానీ, మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలతో తగ్గిపోయింది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉత్తరమంతా ఇంప్లాంట్ గురించి రాసి, చివర్లో యథాలాపంగా ప్రస్తావించిన ఆ చిగురు వాపే నన్ను ఎక్కువగా ఆందోళన పెడుతోంది. అయినా మీరు అడిగినదానికే ముందు జవాబిస్తాను.

స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్లపై ప్రయోగాలు చేస్తుండగా టైటానియం ఎముకతో నేరుగా కలిసిపోవడాన్ని గమనించి, 1965లో తొలిసారి ఒక రోగి దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. ఈ లోహానికి గాలి తగిలిన వెంటనే దానిపై కొన్ని నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోహం తుప్పు పట్టకుండా కాపాడేదీ, ఎముక కణాలు తాకేదీ ఆ పొరే కాబట్టి, తయారీదారుల శ్రద్ధంతా దాని మీదే ఉంటుంది. ఈ రోజుల్లో ఇంప్లాంట్లను చాలావరకు సన్నని రేణువులతో కొట్టి, ఆమ్లంలో ముంచి గరుకుగా చేస్తారు. అందువల్ల మీరు మామూలుది అనుకుంటున్నది కూడా బహుశా ఉపరితలం మార్చిన ఇంప్లాంటే.

ఫ్లోరైడ్ కలిపిన ద్రావణంలో టైటానియాన్ని ఉంచి విద్యుత్తు పంపితే, ఆక్సైడ్ పొర తేనెపట్టులా పక్కపక్కనే నిలిచిన సూక్ష్మ గొట్టాలుగా పెరుగుతుంది; మీరు చదివిన నానో ట్యూబులు ఇవే. వోల్టేజీని బట్టి గొట్టం వెడల్పు మారుతుంది. ఆ వెడల్పు దగ్గరే అసలు చిక్కు ఉంది. సుమారు 15 నానోమీటర్ల గొట్టాలపై మూలకణాలు చక్కగా అతుక్కున్నాయనీ, 100 నానోమీటర్ల గొట్టాలపై చనిపోయాయనీ 2007లో ఒక జర్మన్ బృందం ప్రకటించగా, పెద్ద గొట్టాలతోనూ మంచి ఫలితాలు వచ్చాయని ఇతర బృందాలు చెప్పాయి. గొట్టాల్లో జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ నింపి, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసే ప్రయత్నాలు కూడా ఆశ కలిగించేవే. అయితే ఈ ఫలితాల్లో అధికభాగం ప్రయోగశాలల నుంచి, జంతువుల నుంచి వచ్చినవి. పైగా ఇంప్లాంట్‌ను ఎముకలోకి స్క్రూలా తిప్పి బిగించేటప్పుడు ఆ పొర ఊడిపోతుందేమోనన్న సందేహం ఉంది. కాబట్టి కేవలం దానికోసం అదనంగా ఖర్చు పెట్టమని నేను చెప్పలేను. ఆ కంపెనీ ఇంప్లాంట్‌కు మనుషుల్లో కొన్నేళ్ల ఫలితాలు ఉన్నాయేమో మీ డెంటిస్టునే అడగండి. ఎంఆర్‌ఐ విషయానికొస్తే, టైటానియాన్ని అయస్కాంతం లాగదు గనుక, ముందుగా చెప్పి సాధారణంగా తీయించుకోవచ్చు.

ఇక వాపు సంగతి. మెడికల్ షాపులో కాగితంలో చుట్టి ఇచ్చే సెట్టులో తరచుగా ఒక యాంటీబయాటిక్, డైక్లోఫెనాక్ అనే ఒక నొప్పి మాత్ర, కొన్నిసార్లు ఒక చిన్న స్టెరాయిడ్ మాత్ర కూడా ఉంటాయి. స్టెరాయిడ్‌తో వాపు తగ్గినట్లు కనిపిస్తుంది గానీ షుగర్ పెరుగుతుంది. డైక్లోఫెనాక్ షుగర్ ఉన్నవారి కిడ్నీలకు మంచిది కాదు. రెండు రోజులు వేసుకుని ఆపేసిన యాంటీబయాటిక్ పంటి వేరు కొన వద్ద ఉన్న చీమును తొలగించలేదు. అదే చోట రెండుసార్లు వాచిందంటే మూలం అక్కడే ఉందని అనుమానించాలి. మిమ్మల్ని పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఎక్స్‌రేలో వేరు చివర నల్లని నీడ కనిపించినా ఆశ్చర్యపోను. దాన్ని అలాగే వదిలేసి పక్కనే ఏ రకం ఇంప్లాంట్ పెట్టినా ఇన్‌ఫెక్షన్ అటు పాకే ప్రమాదం ఉంది.

షుగర్ ఉన్నవారు ఇన్‌ఫెక్షన్‌ను తేలిగ్గా తీసుకోకూడదని పదేళ్లుగా షుగర్ ఉన్న మీకు తెలియదనుకోను. తెలిసి కూడా షాపు మాత్రలతో సరిపెట్టుకోవడమే నాకు మింగుడు పడటం లేదు. ముందు హెచ్‌బీఏ1సీతో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని మీ ఫిజీషియన్‌ను కలవండి. హెచ్‌బీఏ1సీ ఇంకా 9 దగ్గరే ఉంటే మా దంతవైద్యుల్లో చాలామంది ఇంప్లాంట్ వాయిదా వేస్తాం. పన్ను పీకించుకుని ఎలాగూ ఏడాది అయింది, షుగర్ అదుపులోకి రావడానికి మరో రెండు మూడు నెలలు ఆగితే పెద్దగా నష్టం ఉండదు. పక్క పన్ను చికిత్సను మాత్రం షుగర్ తగ్గేదాకా ఆపకండి, ఈ వారంలోనే చూపించుకోండి. సిగరెట్ అలవాటు ఉన్నా, ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నా డెంటిస్టుకు దాచకుండా చెప్పండి.

ఈలోగా జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, వాపు గడ్డం కిందికి దిగినా అర్ధరాత్రి అని చూడకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన మాత్రల స్ట్రిప్పులు ఉంటే పారేయకుండా డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి; మీరు ఏ మందులు వాడారో వాటిని చూస్తేనే తెలుస్తుంది.