రిసార్టులో పాము కాటు: యాజమాన్యం బాధ్యత ఎంతవరకు?

"పాము కరిస్తే మేమేం చేస్తాం" అని కోనసీమ రిసార్టు వారు, తమ దగ్గర అతిథిగా ఉండగా పాము కాటుకు గురైన మీ నాన్నగారి ఆసుపత్రి ఖర్చును తోసిపుచ్చుతున్నారంటే, మీ ఫిర్యాదు పాము మీద ఉన్నట్టు కనిపించడమే కారణం. ఫిర్యాదు రిసార్టు వారు హెచ్చరించకపోవడం మీద ఉండాలి. కోతలైన వరిచేల పక్కన, కొబ్బరితోటల్లో ఎలుకల కోసం రక్తపింజరలు తిరుగుతాయని అక్కడివారికి తెలుసు, హైదరాబాదు నుంచి వచ్చిన అతిథికి తెలియకపోవచ్చు. నిర్లక్ష్యంతో హాని కలిగించడమూ, అవసరమైన సమాచారాన్ని కావాలని చెప్పకపోవడమూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమే.

1. చాలామంది మరచిపోయేది ఆసుపత్రి కేసు షీటు. అందులో "పాము కాటు" అని మాత్రమే ఉంటే, బయటెక్కడో కరిచిందని రిసార్టు వారు సులువుగా వాదిస్తారు. కాటు పడిన చోటు, సమయం నమోదయ్యాయో లేదో చూసి, ధ్రువీకరించిన నకలు తీసుకోండి. నమోదు కాకపోతే, 108 అంబులెన్సు నాన్నగారిని ఎక్కడ ఎక్కించుకుందో తెలిపే రికార్డు కోరండి.

2. కాలిబాటలో దీపాలు, హెచ్చరిక బోర్డు లేవని చూపే ఫొటోలు దాచుకోండి. (బోర్డు రేపే వెలిసినా ఆశ్చర్యం లేదు.)

3. రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపి, జవాబు రాకపోతే 2 ఏళ్ల గడువులోగా నాన్నగారు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.