నీ రాగి నాణెం గురించి బాబాయి ఉత్తరం

చి. కిరణ్‌కు,

బాబాయి ఆశీస్సులు.

నువ్వు లండన్‌లో కొన్న నాణెం ఫొటోలు చూశాను. చీటీ మీద రెండో కాన్‌స్టాన్స్ అనే బైజాంటియన్ (తూర్పు రోమన్) చక్రవర్తిదని రాసి ఉంది. నాకు మాత్రం అది సిరియా ప్రాంతంలో ఎవరో ఆయన నాణేన్ని చూసి కొట్టిన నకలేమో అనిపిస్తోంది. అయినా దిగులు పడకు. ఇన్నేళ్లుగా నేను ఇష్టంగా వెతుక్కుంటున్నవి ఆ నకళ్లే.

636లో బైజాంటియన్ సైన్యం అరబ్బుల చేతిలో ఓడిన యార్ముక్ యుద్ధం తర్వాత కొన్నేళ్లకే సిరియా అంతా అరబ్బుల చేతికి వచ్చింది. పాలకులు మారినా సంతలో చిల్లర మారలేదు. బైజాంటియన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో కొట్టిన రాగి నాణేలు 650ల చివరిదాకా అక్కడికి వస్తూనే ఉన్నాయి. అవి చాలనప్పుడు, ఆ తర్వాత రావడమే తగ్గినప్పుడు, వాటినే చూసి అక్కడివాళ్లు కొట్టుకున్నారు. వీటి మీద ఊరి పేరు ఉండదు. కాబట్టి అమ్మేవాడు "ఇది ఫలానా ఊరి టంకశాలది" అని ధీమాగా చెబితే నమ్మకు.

ముందు అసలు నాణేలు బాగా చూడు. నకలును నకలుగా పట్టుకోవాలంటే అసలు నాణెం కళ్లకు కంఠతా రావాలి. నువ్వున్న ఊళ్లోనే బ్రిటిష్ మ్యూజియం ఉంది. రెండో కాన్‌స్టాన్స్ 641 నుంచి 668 వరకు ఏలాడు. ఆయన రాగి నాణేల్లో ఒక రకానికి బొమ్మ వైపు చక్రవర్తి నిలబడి, ఒక చేత్తో పొడవాటి సిలువ, ఇంకో చేత్తో సిలువ ఉన్న గోళం పట్టుకుని ఉంటాడు. చుట్టూ గ్రీకులో "ఎన్ టూటో నికా", అంటే "దీనితో జయించు" అని ఉంటుంది. బొరుసు వైపు పెద్ద ఎమ్ ఉంటుంది. అది 40 నుమ్మీల (అప్పటి చిన్న చిల్లర లెక్క) విలువకు గుర్తు. దానికి ఎడమన "అనా", కుడిన "నెయోస్" అని అక్షరాలు నిలువుగా దిగుతాయి. రెండూ కలిపితే పునరుద్ధరణ అని అర్థం.

నా దగ్గరున్న ఒక నాణెం చెబుతాను. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, ఒక మూల కత్తిరించినట్టు ఉంటుంది. ఎమ్‌కు ఎడమన "అనా"లో మధ్య అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడింది. కుడిన "నెయోస్" ఉండాల్సిన చోట నాలుగు గీతలు, ఒక సున్నా. అచ్చు చెక్కినవాడికి గ్రీకు రాదు. చదువు రాని పిల్లాడు పలక మీద అన్న రాసింది చూసి దిద్దినట్టు, ఆకారాలు చూసి చెక్కాడు. చక్రవర్తి ముఖం రెండు చుక్కలు, ఒక గీత. ఆ గీతల ముందు నేను గంటలకొద్దీ కూర్చున్నాను. పదమూడు వందల ఏళ్ల కిందట ఒకడు అర్థం తెలియకపోయినా జాగ్రత్తగా చేసిన పని అది.

కానీ మోటుగా ఉన్నదల్లా నకలు అనుకోకు, మొదట్లో నేనూ అక్కడే పొరపడ్డాను. కాన్‌స్టాన్స్ అసలు నాణేలే చాలా మోటు. పాత నాణేలను ముక్కలుగా కోసి, వాటి మీదే హడావుడిగా కొత్త అచ్చు కొట్టేవారు. అందుకని అంచు వంకరగా ఉందనో, అరిగిపోయిందనో తీర్పు చెప్పకూడదు. అక్షరాలు ఎలా తప్పాయో చూడు. అరిగిన అక్షరం వేరు, తప్పు చెక్కిన అక్షరం వేరు. బొమ్మ ఒక రకం నాణేనిదై, బొరుసు ఇంకో రకానిదైతే గట్టిగా అనుమానించు. ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి పట్టి, నాణేన్ని మెల్లగా తిప్పు. పైనుంచి వేసిన వెలుగులో కనబడని గీతలు అప్పుడు లేస్తాయి. తర్వాత కాగితం మీద నీ చేత్తో బొమ్మ వెయ్యి. నేను ఎక్కువ నేర్చుకుంది అలా గీస్తూనే.

ఊరి పేర్లు తర్వాతి దశలో వస్తాయి. సిరియాలోని హిమ్స్ ఊరి నాణెం ఒకటి తప్పక చూడు. చక్రవర్తి అర్ధచిత్రం పక్కన గ్రీకులో "కలోన్" అనీ, అరబ్బీలో "బి హిమ్స్", అంటే "హిమ్స్‌లో" అనీ ఉంటుంది. బొరుసు కింద "తయ్యిబ్" అని ఉంటుంది. కలోన్ అన్నా తయ్యిబ్ అన్నా "మంచిది" అనే. సంతలో ఏ భాషవాడికైనా ఇది చెల్లుతుందని భరోసా ఇచ్చారన్నమాట. ఆ తర్వాత అరబ్బుల పాలకుడైన ఖలీఫా అబ్ద్ అల్ మాలిక్ కాలంలో కత్తి పట్టుకుని నిలబడ్డ ఖలీఫా నాణేలు వచ్చాయి. 696-97 నాటికి బంగారు దీనార్ల మీద బొమ్మలు పోయి అక్షరాలే మిగిలాయి.

శుభ్రం చేసే విషయంలో మాత్రం నా మాట విను. పూజ గదిలో రాగి చెంబు తోమినట్టు ఒక నాణేన్ని చింతపండు రసంలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి తళతళలాడింది, అక్షరాలు సగం పోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. ఆ ముదురు రంగు పొరను ముట్టుకోకు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తుడువు, అంతే. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది చిలుము రోగం. వెంటనే మిగతా నాణేలకు దూరంగా, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు. పీవీసీ కవర్లు అసలు వాడకు.

ఇంకొకటి. ఆ నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడిగావా? 2011 మార్చి 15 తర్వాత సిరియా నుంచి అక్రమంగా తరలించిన పురాతన వస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015లో 2199వ తీర్మానంతో నిషేధించింది. సిరియాలోని పురాతన నగరం అపామియా శిథిలాలను దొంగలు ఎలా తవ్వేశారో ఉపగ్రహ చిత్రాల్లో చూశాను. నేలంతా గోతులే. ఆ గోతుల్లోంచి వచ్చిన నాణెం మన ఇంట్లో ఉండకూడదు. 2011కు ముందునుంచి ఎవరి దగ్గర ఉందో చూపించలేకపోతే, ఎంత అందంగా ఉన్నా వెనక్కి ఇచ్చెయ్.

ఆ కాగితం ఉంటే దాని ఫొటో, పక్క వెలుగులో తీసిన రెండు వైపుల ఫొటోలు, గ్రాములో వందో వంతు దాకా చూపే త్రాసు మీద తూకం పంపు. బొరుసు వైపు కుడి పక్క అక్షరాలు దగ్గరగా తియ్యి. నా అనుమానమంతా అక్కడే.

మీ బాబాయి