పర్లాకిమిడికి విపత్తు ప్రణాళిక రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగంలో చేరిన రెండో నెలకే ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి పట్టణానికి విపత్తు ప్రణాళిక తయారుచేసే పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పాత ఫైలు తీసుకుని అంకెలు మార్చి ఇచ్చేస్తే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారట. ఆ పని మాత్రం చేయకు తల్లీ. కాలువల పనుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అటువంటి ఫైలు తుపాను రాత్రి ఎవరికీ అక్కరకు రాదు.

1999 అనగానే అందరికీ అక్టోబరు 29న పారాదీప్ వైపు వచ్చిన పెను తుపానే గుర్తుకొస్తుంది. దాదాపు పది వేల మంది పోయారు కాబట్టి అది సహజమే. కానీ దానికి పన్నెండు రోజుల ముందు, 17వ తేదీన, మన గంజాం జిల్లాను మరో తుపాను కొట్టింది. ఆ రాత్రి రేకులు లేచిపోయిన ఇళ్ల నుంచి జనం ఒక బడి దగ్గరికి పరుగున వచ్చారు. కాగితాల్లో అదే పునరావాస కేంద్రం. గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి దసరా సెలవులకు సొంతూరు వెళ్లాడు. నేను గునపంతో తాళం పగలగొడుతుంటే నా వెనకే ఒక ముసలమ్మ తడిసిన చాప నెత్తిన కప్పుకుని, చంకలో మేకపిల్లతో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తీరా లోపలికి వెళ్తే చేతిపంపుకు పిడి లేదు. ఆ బడిలో ఎంతమంది పడతారో ఫైల్లో రాశారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాయలేదు.

అందుకని నీ ప్రణాళికలో అంకెల కంటే ముందు మనుషుల పేర్లు ఉండాలి. ప్రతి కేంద్రానికీ రెండు తాళంచెవులు, అవి ఉండే ఇద్దరూ ఆ వీధివాళ్లే అయి ఉండాలి. ఆ పేర్లు ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరులోనూ, నువ్వే స్వయంగా వెళ్లి సరిచూడు. మన తీరానికి తుపానులు ఎక్కువగా వచ్చేది ఆ రెండు నెలల తర్వాతి కాలాల్లోనే.

ఇక నీళ్ల సంగతి. మ్యాపు గీసే ముందు వాన పడుతుండగా గొడుగు వేసుకుని వీధుల్లో నడువు. ఎండలో చూస్తే అన్ని కాలువలూ ఒకేలా కనిపిస్తాయి. వానలో తిరిగితే ఏ కల్వర్టు దగ్గర ప్లాస్టిక్ సంచులు అడ్డుపడుతున్నాయో, ఏ ఇంటి మెట్లు కాలువ మీదికి వచ్చాయో, నీళ్లు ఏ సందులోకి మళ్లుతున్నాయో తెలుస్తుంది. పాలుపోసే మనిషినీ, చాకిరేవు పెద్దనూ అడుగు. నీరు ఎటు నుంచి ఎటు పోయేదో, ఏ చెరువును పూడ్చాక ఆ దారి మూసుకుపోయిందో వాళ్లకు తెలిసినంతగా మన కార్యాలయాల్లో ఎవరికీ తెలియదు. పట్టణ వరదలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వార్డు హద్దులను కాదు, నీటి పరీవాహకాన్ని చూడమనే చెబుతాయి. పెద్ద కాలువల పూడికతీత మార్చి 31కి ముగియాలన్నది అందులోని మాటే. జూన్‌లో పూడిక తీసి, ఆ మట్టిని కాలువ గట్టునే పోసి, మొదటి వానకు అదంతా మళ్లీ లోపలికి జారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ప్రతిసారీ కడుపు రగిలిపోయేది. తీసిన మట్టి అదే రోజు బండెక్కాలని టెండరులోనే రాయించు.

మీ జిల్లాకు తిత్లీ తుపాను నేర్పిన పాఠం వేరే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. అందరి చూపూ సముద్రం వైపే. కానీ గజపతి జిల్లాలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఆ తర్వాత కొండల్లో కురిసిన వాన. బారఘరా గ్రామంలో వానకు భయపడి ఇళ్లు వదిలిన జనం ఒక గుహలో తలదాచుకున్నారు. కొండచరియ విరిగి వాళ్ల మీదే పడింది. వాళ్లేమీ మొండికేసి ఇంట్లో కూర్చోలేదు. ఇళ్లు కదిలారు, కానీ కదిలి ఎక్కడికి వెళ్లాలో చెప్పినవాళ్లు లేరు. కాబట్టి ఖాళీ చేయించాల్సిన ఇళ్ల జాబితాతో నీ పని అయిపోదు. ఏ ఇంటివాళ్లు ఏ దారిన ఏ కట్టడానికి వెళ్లాలి, ఆ దారిలో వాగు ఉందా, ఆ కట్టడం కొండ వాలు కింద ఉందా అన్నది ఒక్కొక్కటీ చూడు. మహేంద్రతనయ నది పొంగితే మునిగే దారిని నమ్ముకుని కేంద్రం పెట్టకు.

వాతావరణ శాఖ తుపాను సంగతి 72 గంటల ముందు ఒకసారి, 48 గంటల ముందు మరోసారి, 24 గంటల ముందు ఇంకోసారి చెబుతుంది. నీ ప్రణాళికను ఈ మూడు గడియల మీదే నడిపించు. మొదటి మాట రాగానే డీజిలు, తాళంచెవులు, అటుకులు, బెల్లం. రెండో మాటకు హోర్డింగులు దించాలి, తీగల మీద వాలిన కొమ్మలు కొట్టాలి, నీళ్ల ట్యాంకులన్నీ అంచు దాకా నింపాలి. ఇది చాలామంది మరిచే పని. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటాక బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే పంపులు తిరగవు. ఇంటి ముందు వాన నీరు మోకాలి లోతు ఉన్నా, తాగడానికి చుక్క లేక జనం బిందెలతో తిరిగారు. పంపుహౌసుకు జనరేటరు ఉందా అని అడిగి ఊరుకోకు. అరగంట నడిపించి చూడు. నేలమాళిగలో పెట్టి ఉంటే పైకి ఎత్తించు.

ఫైలిన్‌కు మన రాష్ట్రంలో పది లక్షల మందికి దగ్గరగా జనాన్ని ముందే తరలించారు. 1999తో పోలిస్తే ప్రాణనష్టం ఎంతగా తగ్గిందో నువ్వు చదివే ఉంటావు. అది ఒక్క రోజులో వచ్చిన నేర్పు కాదు. గంజాం తీరంలో వెంకట్రాయిపూర్ అనే చిన్న ఊరు 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న ఊరుగా యునెస్కో గుర్తింపు పొందింది. దారుల మ్యాపు, బోర్డులు, మళ్లీ మళ్లీ చేసిన కసరత్తు వల్ల వచ్చిన గుర్తింపు అది. పట్టణంలోనూ ఏడాదికి ఒక్కసారైనా నిజంగా సైరను మోగించి, ఒక వీధిని నడిపించి చూడు. గడియారం పట్టుకో. మంచం మీద ఉన్న మనిషిని మోయడానికి ఎంతసేపు పడుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఆ మనిషి ఎవరో ఆశా కార్యకర్తకు తెలుసు. నెలలు నిండిన గర్భిణి ఏ ఇంట్లో ఉందో అంగన్‌వాడీకి తెలుసు. 2024 అక్టోబరులో దానా తుపానుకు ముందు వేల మంది గర్భిణులను ఆసుపత్రులకు చేర్చగలిగారంటే, ఆ పేర్లు ముందే రాసి ఉండబట్టే. వాళ్లను సమావేశంలో వెనక వరుసలో కూర్చోబెట్టకు, వాళ్ల చేతే జాబితా చదివించు.

భాష సంగతి కూడా మరవకు. హెచ్చరిక ఒడియాలో మాత్రమే వెళ్తే, మన తెలుగు వీధుల్లో సగం మంది ముసలివాళ్లకు సగమే అందుతుంది. కొండల నుంచి సంతకు దిగే సవర గిరిజనులకు అదీ అందదు. మైకులో మూడు భాషల్లోనూ చెప్పించు. ఒక మాట తప్పకుండా చెప్పాలి: గాలి ఉన్నట్టుండి ఆగితే తుపాను పోయినట్టు కాదు, అది తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో రేకులు ఏరుకోవడానికి ఎవరూ బయటికి రాకూడదు.

ఎండను కూడా విపత్తుల్లోనే రాయి. 1998 వేసవిలో వడగాలులకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా పోయారు. చలివేంద్రాలు, కూలీల పని వేళల మార్పు ప్రణాళికలో ఉంటేనే వాటికి ఖర్చు రాయగలవు.

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సుకు బయలుదేరి నేనే వస్తున్నాను. ఇద్దరం మహేంద్రతనయ గట్టు వెంబడి నడుద్దాం. ఏ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద వేలు పెట్టి చూపించగల పెద్దవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. టేపు, ఎర్ర రంగు డబ్బా, ఒక కుంచె తెచ్చుకో. వాళ్లు చూపించిన చోటల్లా గీత గీసి, పక్కనే ఏడాది రాద్దాం.

ఇట్లు,
మీ మామయ్య,
బరంపురం