వానలకు కుళ్లిపోతున్న టేబుల్ రోజ్: ముందు నీరు, నీడ తగ్గించండి

ప్రశ్న: అయ్యా, మాది తూర్పు గోదావరి జిల్లా కడియం మండలం. ముప్పాతిక ఎకరంలో నర్సరీ ఉంది. టేబుల్ రోజ్ (నాచు పూల మొక్క) సంచుల్లోనూ, వేలాడే కుండీల్లోనూ పెంచుతున్నాను. వేసవిలో బాగానే ఉంది గానీ జులై నుంచి మొదలు దగ్గర నల్లబడి మొక్కలు పడిపోతున్నాయి. మిగిలినవి పచ్చగా పొడుగ్గా సాగుతున్నాయే తప్ప పూయడం లేదు. ఒండ్రుమట్టి, పశువుల ఎరువు సమానంగా కలిపి సంచులు నింపాను. ఎండదెబ్బ తగలకుండా షేడ్‌నెట్ కింద పెట్టాను. రెండు పూటలా నీళ్లు పెడుతున్నాను, పది రోజులకోసారి యూరియా నీళ్లు పోస్తున్నాను. షాపువాళ్లు ఇచ్చిన మందులు కొట్టినా ఆగడం లేదు. కొత్తగా వేయాలంటే విత్తనం మంచిదా, కొమ్మలు మంచివా? రాజమహేంద్రవరంలో ఒక కాంట్రాక్టరు అపార్ట్‌మెంట్ ముందు రెండు సెంట్ల జాగాలో గడ్డికి బదులు ఇదే పరచమంటున్నాడు, ఒప్పుకోవచ్చా? ఇది గంగపావిలి కూర జాతే కదా, అమ్ముడుపోనివి వండుకోవచ్చా అని ఇంట్లో అడుగుతున్నారు.

– ఒక నర్సరీ రైతు

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉందండీ. ఒండ్రుమట్టి, షేడ్‌నెట్, రెండు పూటల తడి, యూరియా. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే టేబుల్ రోజ్ నిలబడదు. కుళ్లు తెగులు వాటి వెనకాల వచ్చింది. ఆ నాలుగూ అలాగే ఉంచి ఎన్ని మందులు మార్చినా డబ్బు పోవడమే తప్ప మొక్క దక్కదు.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. బ్రెజిల్ దక్షిణ భాగం, ఉరుగ్వే, అర్జెంటీనా ప్రాంతాల్లో ఇసుక నేలల్లో, రాళ్ల సందుల్లో, నడినెత్తిన ఎండలో పెరిగే జాతి ఇది. ఆకు సన్నగా, గుండ్రంగా, లోపల నీరు నింపుకుని ఉండేది అందుకే. మామూలు రోజుల్లో మొక్కజొన్న, చెరకు లాగా సి4 పద్ధతిలో (ఎండనూ, నీటినీ పొదుపుగా వాడుకునే పద్ధతి) పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. బెట్ట తగిలితే రాత్రిపూట గాలి పీల్చుకుని నీరు ఆదా చేసే బ్రహ్మజెముడు జాతుల పద్ధతిని కూడా కొంత అందుకుంటుంది. ఇలా రెండు రకాలుగా నెట్టుకురాగల మొక్కలు చాలా తక్కువ. ఇలాంటి మొక్కకు మీరు మే నెలలో షేడ్‌నెట్ వేసినా, ఆగస్టులో వేసినా అపకారమే. కొత్తగా గుచ్చిన కొమ్మలకు నాలుగైదు రోజుల నీడ చాలు. ఆ తర్వాత రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ పడాలి. మీ మొక్కలు పొడుగ్గా సాగి పూయకపోవడానికి మొదటి కారణం నెట్టు, రెండోది యూరియా.

ఇప్పుడు కుళ్లు సంగతి చూద్దాం. పడిపోయిన మొక్కను లాగి మొదలు పరీక్షించండి. కాండం నీళ్లోడుతూ మెత్తబడి, వేళ్లతో నొక్కితే జారిపోతుంటే అది పిథియం, ఫైటోఫ్తోరా లాంటి నీటి శిలీంధ్రాల పని. మట్టి మట్టానికి దగ్గరలో గోధుమ రంగు మచ్చ పడి, అక్కడే నొక్కుకుపోయి విరిగితే రైజోక్టోనియా అనే మట్టి శిలీంధ్రమని అనుమానించాలి. జులైలో మొదలైందన్నారు, ఒండ్రుమట్టి అన్నారు కాబట్టి మొదటిదే ఎక్కువగా ఉంటుందని నా అంచనా. పడిపోయిన వాటిని మట్టితో సహా సంచి ఎత్తి నర్సరీ బయటకు పంపేయండి. ఆ మట్టిని మళ్లీ వాడొద్దు, కుప్ప పోసి పక్కన పెట్టొద్దు. నిలబడి ఉన్న వాటికి వెంటనే నీరు ఆపండి, నెట్టు తీసేయండి. తర్వాత మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న మందు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి మొదలు దగ్గర తడిసేలా ఒకసారి పోయండి. మచ్చపడి విరిగే రకం కనిపిస్తే దానికి కార్బెండజిమ్ లీటరుకు 1 గ్రాము. రెండూ కలిపి కొట్టేయడం, వారం తిరగకుండా మళ్లీ పోయడం వద్దు. ఏది వచ్చిందో తేల్చుకోలేకపోతే, మీ మండలంలోనే వేమగిరిలో జాతీయ పుష్ప పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సగం వాడిన మొక్కను వేరు మట్టితో సహా పట్టుకెళ్లి చూపించండి. పూర్తిగా కుళ్లిపోయింది తీసుకెళ్తే ఎవరూ చెప్పలేరు, అప్పటికి దానిలో రకరకాల శిలీంధ్రాలు చేరిపోతాయి.

మొదలు మొత్తం పోయినా పైకొమ్మ గట్టిగా ఉంటే మొక్కను వదులుకోనక్కర్లేదు. మచ్చకు బాగా పైన శుభ్రమైన బ్లేడుతో కోసి, కొత్త మట్టిలో గుచ్చుకోవచ్చు. కోసిన చోట లోపల గోధుమ గీత కనిపించిందంటే ఇంకాస్త పైకి కోయండి.

అన్నిటికన్నా పెద్ద మార్పు చేయాల్సింది సంచి మట్టిలో. గోదావరి ఒండ్రు వరికి బంగారమే గానీ చిన్న సంచిలో నింపి రోజూ తడిపితే సిమెంటులా బిగుస్తుంది, వేరుకు గాలి ఆడదు. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అర పాలు కలిపితే చాలు. ఇసుక ధర గిట్టకపోతే మీ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో దొరికే కాలిన నల్ల ఊక వాడండి. నల్లగా, ఊక ఆకారం చెడకుండా ఉన్నదే తీసుకోవాలి. తెల్లగా బూడిదైపోయినదైతే మట్టిలో క్షారం పెంచుతుంది. క్వారీ డస్ట్ (కంకర క్వారీల రాతిపొడి) చవకని తెచ్చేవాళ్లున్నారు. అందులో మెత్తటి పొడి ఎక్కువ, కడగకుండా వాడితే ఒండ్రు కన్నా అన్యాయం. పశువుల ఎరువు కలిపే ముందు 90 కిలోల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు శిలీంధ్రాలను అణిచే మేలైన శిలీంధ్రం) కలిపి, నీడలో తేమ ఆరకుండా వారం పది రోజులు ఉంచితే మంచిది. శిలీంధ్రనాశిని పోసిన సంచుల్లో మాత్రం రెండు వారాలు ఆగి వేయండి, లేకపోతే ట్రైకోడెర్మా కూడా చచ్చిపోతుంది. సంచి అడుగున రంధ్రాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి. సంచులను బురద నేల మీద కాకుండా ఇటుకల మీదో, కంకర పరిచిన చోటో పేర్చండి. వానాకాలంలో కింద నుంచి పీల్చుకునే తడితోనే సగం మొక్కలు పోతాయి.

నీటికి రోజుల లెక్క పెట్టుకోవద్దు. వేలు మట్టిలోకి ఒక అంగుళం దింపి చూడండి, పొడిగా తగిలితేనే నీరు. వేసవిలో చిన్న సంచులకు రోజుకోసారి పట్టవచ్చు, ముసురు రోజుల్లో వారం పాటు అసలు అవసరం రాకపోవచ్చు. పోసేది ఉదయం, మట్టి మీద పోయాలి. సాయంత్రం పైపుతో మొక్కంతా తడిపితే గుబురు లోపల రాత్రంతా తడి నిలుస్తుంది. యూరియా ఇక ముట్టుకోకండి. కొత్త సంచికి ఎరువు కలిపారు కాబట్టి మొదటి నెల ఏమీ అక్కర్లేదు. మొగ్గ దశలో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న, నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 2 గ్రాముల చొప్పున పదిహేను రోజులకోసారి మట్టికి ఇస్తే సరిపోతుంది.

విత్తనమా, కొమ్మలా అన్నదానికి నా జవాబు కొమ్మలే. ముద్దపూల రకాలు విత్తనం సరిగా కట్టవు. ఒంటిరేకు రకాలకు మూత ఊడిపోయే చిన్న గిన్నె లాంటి కాయలో సన్నటి విత్తనాలు బోలెడు వస్తాయి. గ్రాముకు సుమారు పదివేలు తూగుతాయి. కానీ రంగులన్నీ పక్కపక్కనే పెంచే నర్సరీలో తేనెటీగలు తిరుగుతాయి కాబట్టి ఆ విత్తనంతో ఏ రంగు వస్తుందో చెప్పలేం. సంచి మీద ‘నారింజ ముద్ద’ అని రాసి అమ్మి, పూశాక గులాబీ రంగు ఒంటిరేకు వస్తే మళ్లీ ఆ కొనుగోలుదారు మీ గుమ్మం తొక్కడు. మిశ్రమ రంగులు కావాలనుకుంటే విత్తనం వేయొచ్చు. పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన మట్టి కప్పకుండా వదిలేయండి, మొలకకు వెలుతురు కావాలి. వెచ్చటి రోజుల్లో ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది.

కొమ్మలకు పూత లేని, రెండు మూడు అంగుళాల గట్టి చివుళ్లు తీసుకోండి. కోసిన చోటు ఒక పూట నీడలో ఆరనిచ్చి, కింది ఆకులు తీసి, తేమగా ఉన్న ఇసుక మట్టిలో గుచ్చండి. హార్మోను పొడి అక్కర్లేదు, వారం పది రోజుల్లో వేరు పోస్తుంది. ఆరంగుళాల కుండీకి నాలుగైదు, పది అంగుళాల వేలాడే కుండీకి ఎనిమిది నుంచి పది కొమ్మలు గుచ్చితే తొందరగా గుబురు కడుతుంది. తల్లి మొక్కలను రంగుకు పదీ పన్నెండు చొప్పున వేరుగా, పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి, పక్కలు తెరిచి ఉంచిన చోట కాపాడుకోండి. అక్టోబరు తుపాన్లు దాటాక మీ వ్యాపారమంతా వాటి మీదే. సాగిపోయిన మొక్కలను సగానికి కత్తిరిస్తే అవే కొమ్మలు పనికొస్తాయి, మోడు నుంచి కొత్త చివుళ్లు వచ్చి మళ్లీ పూస్తాయి.

పూల గురించి అమ్మేటప్పుడు చెప్పాల్సింది ఒకటుంది. ఈ పువ్వు ఎండెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది, ఒక్క పూటే ఆయుష్షు. మబ్బు పడితే విచ్చుకోకపోవచ్చు కూడా. కడియం నుంచి లోడు సాయంత్రం బయల్దేరితే అప్పటికి అన్నీ ముడుచుకుని ఉంటాయి, చూసినవాడు వాడిపోయిన మొక్కలంటాడు. ఉదయం పది గంటలకు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, మొగ్గలు నిండుగా ఉన్నవి ఎక్కించండి. ఎక్కించే ముందు రోజు నీరు ఆపండి. నీరు నిండిన కాండం ఇట్టే విరుగుతుంది.

పురుగుల్లో ముఖ్యంగా చూడాల్సింది పిండినల్లి. కొమ్మ గుబురులో తెల్లటి దూది కనిపిస్తే ఆ కొమ్మ కోసేసి, మిగతా దానికి వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొంచెం సబ్బు నీటితో కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. నూనె మందు ఎండలో కొడితే కండ ఆకు మాడుతుంది, పూలు విచ్చుకున్న వేళ కొడితే వాటి మీది తేనెటీగలకు హాని. ఏ మందైనా ముందు నాలుగైదు సంచుల మీద కొట్టి, రెండు రోజులు చూసి తర్వాత మిగతా వాటికి వెళ్లండి. ఆకుల మీద తెల్లటి పొక్కులు లేస్తే అది తోటకూరకు వచ్చే తెల్లమచ్చ తెగులు లాంటిదే. గట్ల మీది గంగపావిలి కలుపు మీద కూడా అలాంటి పొక్కులుంటే పీకేయండి. మొక్క ఎదగక, వేరు మీద బుడిపెలు కనిపిస్తే నులిపురుగు. ఆ మట్టిని ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి.

కాంట్రాక్టరు పని ఒప్పుకోవచ్చు, కానీ జాగా చూడకుండా మాట ఇవ్వొద్దు. రెండు సెంట్లంటే సుమారు 80 చదరపు మీటర్లు. మొక్కకు మొక్కకు 25 సెం.మీ. దూరమైతే దాదాపు 1,300, 20 సెం.మీ. అయితే 2,000 మొక్కలు పడతాయి. భవనం నీడ ఉత్తరం వైపు పడుతుంది కాబట్టి జాగా అటువైపే ఉంటే వదులుకోండి. వాన నీరు నిలిచే పల్లమైతే ఇసుక కలిపిన మట్టితో 15 సెం.మీ. ఎత్తు పెంచి, ఒక పక్కకు వాలు ఇవ్వాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి. నాటే ముందు తుంగ గడ్డలు తవ్వి ఏరించాలి. టేబుల్ రోజ్ పరుచుకున్నాక అందులో తుంగ లేస్తే కలుపు మందు కొట్టే వీలుండదు, చేత్తో పీకితే పూల మొక్కా ఊడొస్తుంది. గడ్డికి బదులు అన్న మాట దగ్గర కూడా స్పష్టంగా ఉండండి: దీని మీద నడవకూడదు. పిల్లలు ఆడే చోటైతే మధ్యలో నాపరాళ్ల బాట వేయించమనండి. వచ్చే వానాకాలంలో మొక్కలు కొంత పోతాయి, మళ్లీ కొమ్మలు గుచ్చాలి అన్నది కాగితం మీదే ఉండాలి. ఇప్పుడు వానల్లో నాటొద్దు, నవంబరు చివర నాటండి. సంక్రాంతి దాటాక నేల కనపడకుండా కమ్ముకుని వేసవంతా పూస్తుంది.

కూర సంగతికొస్తే, గంగపావిలి, టేబుల్ రోజ్ ఒకే ప్రజాతి మొక్కలన్నది నిజమే. కానీ మీవి శిలీంధ్రనాశినులు, పురుగు మందులు పడిన నర్సరీ మొక్కలు. వండొద్దు. మేకలకూ, గేదెలకూ కూడా వేయొద్దు. మందుల సంగతి అలా ఉంచినా, ఈ ప్రజాతి ఆకులో ఆక్సలేట్లు (ఎక్కువైతే ఒంటికి మంచివి కాని లవణాలు) ఎక్కువ. అమ్ముడుపోనివి, తెగులు లేనివి ఉంటే కత్తిరించి కొమ్మలు చేసుకోండి, మిగతావి గుంతలో పూడ్చేయండి.

– ఉద్యాన శాస్త్రవేత్త